చెప్తే వింటున్నారు, రాస్తే చదవట్లేదు. తేడా ఎక్కడ కొడుతోంది?

మిర్చిటిక్కీ (గుంటూరు) | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. వయసు 28. మూడేళ్లుగా కథలు రాస్తున్నాను. పదకొండు రాస్తే రెండు ఒక వెబ్ పత్రికలో వచ్చాయి. మిగతావాటికి అతీగతీ లేదు. పోయిన ఉగాది పోటీకి పంపినదాన్ని కనీసం సాధారణ ప్రచురణకు కూడా తీసుకోలేదు.

విచిత్రం ఏంటంటే, మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను ఏదన్నా సంగతి చెప్తుంటే హమాలీలు ముద్ద చేతిలో పెట్టుకుని వింటారు. "ఆ తర్వాత?" అంటారు. అదే సంగతి రాసి ఇస్తే మా చెల్లెలు రెండో పేజీలోనే ఫోన్ తీస్తుంది. నోటికి వచ్చినది చేతికి ఎందుకు రావట్లేదు?

పోటీకి పంపిన కథ మొదటి వాక్యం ఇది:

«తూర్పు కనుమల మాటు నుంచి బాలభానుడు తన లేలేత అరుణకిరణాలను పుడమితల్లి ఒడిలోకి జారవిడుస్తున్న వేళ, అప్పుల ఊబిలో కూరుకుపోయిన అన్నదాత వెంకయ్య తన ఎర్రబంగారాన్ని ట్రాక్టరుకెత్తి, ఆశల పల్లకిలో పట్నానికి పయనమయ్యాడు.»

మొహమాటం లేకుండా చెప్పండి. తట్టుకుంటాను.

బందరుకాలవ (విజయవాడ) | శనివారం రాత్రి 11:15

తట్టుకుంటానన్నావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. గుంటూరుకు తూర్పున ఉన్నది సముద్రం. తూర్పు కనుమలు, అంటే మన నల్లమల, నీకు పడమట ఉన్నాయి. నీ బాలభానుడు పొద్దున్నే పడమట ఉదయించాడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దిన మనిషిని. ఎన్ని వందల కథల్లో సూర్యుడు ఉదయించాడో లెక్కలేదు. నిజంగా చూసి రాసినవాళ్లు వేళ్ల మీద ఉంటారు. ఇది నీ ఒక్కడి జబ్బు కాదు. పెన్ను పట్టుకోగానే మనలోకి ఎవరో పూనతారు. పుడమితల్లి అంటాం, అన్నదాత అంటాం. నీ కొట్టుకు వచ్చిన రైతును ఏనాడైనా "రండి అన్నదాతా" అని పిలిచావా?

ఇంటర్వెల్‌బ్యాంగ్ (విజయవాడ) | ఆదివారం ఉదయం 9:02

బ్రో, ఓపెనింగ్ మరీ స్లో. స్ట్రక్చర్ కావాలి. మొదటి పేజీలో సమస్య పడిపోవాలి, మధ్యలో ఒక బ్యాంగ్, క్లైమాక్స్‌లో వెంకయ్య కొడుకు కలెక్టర్ అయ్యి అదే యార్డుకు తనిఖీకి రావాలి. విజిల్స్ పడతాయి.

సరదాగా అన్నా, ఒకటి మాత్రం సీరియస్. ట్రాక్టర్ని ఇంటి దగ్గర ఎక్కించొద్దు. డైరెక్ట్‌గా యార్డు గేటు దగ్గర దించు. దారిలో ఏం జరగనప్పుడు ఆ ప్రయాణం మాకెందుకు?

బ్రాడీపేట 4/14 (గుంటూరు) | ఆదివారం ఉదయం 9:50

కలెక్టర్ సంగతి వదిలేయండి గానీ గేటు దగ్గర దించమన్న మాట బాగుంది. మా డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను గురజాడ ‘దిద్దుబాటు’ మొదటి పేజీ తెరిచి పెడతాను. 1910 నాటి కథ. గోపాలరావు ఎవరు, ఏం చదివాడు, భార్య ఎలాంటిది, ఇవేవీ ముందు చెప్పరు. రాత్రివేళ తలుపు తెరవమని పిలుస్తూ కనిపిస్తాడు. ఆ వేళకు ఎక్కడి నుంచి వస్తున్నాడని మనమే అడుగుతాం. వందేళ్లు దాటినా ఆ తలుపు దగ్గర పిల్లలు ఆగుతున్నారు.

మీ వాక్యంలో నేను అడగాల్సింది ఏదీ మిగల్లేదు. వెంకయ్య మంచివాడు, అప్పులున్నాయి, ఆశలున్నాయి. అన్నీ మీరే చెప్పేశారు.

కుక్కర్‌కూత (సత్యనారాయణపురం, విజయవాడ) | ఆదివారం మధ్యాహ్నం 2:20

నేను రాయను, చదువుతాను. వారానికి ఆరేడు కథలు, ఎక్కువ భాగం స్టవ్ దగ్గర నిలబడి. కాబట్టి చదివేవాళ్ల తరపున నాలుగు మాటలు.

నేను కథ వదిలేసేది భాష బాగాలేక కాదు. ముగింపు తెలిసిపోయినప్పుడు వదిలేస్తాను. మీ మొదటి వాక్యం చదవగానే చివర్లో పురుగుమందు డబ్బా ఉందని నాకు అర్థమైంది. ఉందా లేదా?

మిర్చిటిక్కీ | ఆదివారం మధ్యాహ్నం 2:31

ఉందండీ.

కుక్కర్‌కూత | ఆదివారం మధ్యాహ్నం 2:33

చూశారా. అలాంటి చావులు నిజంగా జరగట్లేదని కాదు. మా పెదనాన్నగారి ఊళ్లోనే జరిగింది. కానీ కథలో మాత్రం, ఎలా ముగించాలో తోచనప్పుడు రచయితలు ఆ డబ్బా అందుకుంటున్నారని నాకు అనుమానం. ఏడిపించాలని చూస్తున్నారని తెలిశాక నాకు ఏడుపు రాదు.

గుమ్మెట (తాడికొండ దగ్గర) | ఆదివారం రాత్రి 8:05

"ఆ తర్వాత?" అన్న మాట చూసి రాస్తున్నాను. మాది బుర్రకథ కుటుంబం. బుర్రకథతో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి పొన్నెకల్లు మా దగ్గరి ఊరే. మా తాతది అంత పేరున్న దళం కాదు, తిరునాళ్లలో చెప్పుకునే చిన్న దళం. ఆయన వంత.

బుర్రకథలో మధ్యలో తంబురా పట్టుకుని చెప్పేవాడు కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఇంకొకడు లోకం సంగతులు, రాజకీయం. వంత అంటే తందాన తాన అనేవాడని చాలామంది అనుకుంటారు. అసలు పని అది కాదు. జనం మనసులో ఏ ప్రశ్న లేస్తుందో అది జనం కంటే ముందు అడగాలి. "అదేంటి, ఒక్కడే వెళ్లాడా?" "మరి వాళ్లమ్మ ఊరుకుందా?" కథకుడు దానికి జవాబుగా ముందుకు పోతాడు. మరీ బిగుసుకుపోతే హాస్యం వంత ఒక మాట విసిరి జనాన్ని ఊపిరి పీల్చుకోనిస్తాడు.

మా తాత అనేవాడు, కథకుడు పట్టు తప్పితే తనకు అడగడానికి ఏమీ దొరకదని. ఇక వట్టి తందాన తానే.

మీ హమాలీలు మీకు వంతలు. కాగితం దగ్గర మీరు ఒక్కరే. అందుకే రాసిన ప్రతి పేరా దగ్గర ఆగి, వంతలా ఒక ప్రశ్న అడిగి చూడండి. ఏం అడగాలో తోచలేదంటే ఆ పేరా కొట్టేయొచ్చు. నేను నాటికలు రాసేటప్పుడు ఇదే చేస్తాను. అన్నిసార్లూ కుదరదు, చాలాసార్లు కుదురుతుంది.

బందరుకాలవ | ఆదివారం రాత్రి 9:10

గుమ్మెట గారూ, భలే మాట చెప్పారు.

తమ్ముడూ మిర్చిటిక్కీ, ఒకటి అడుగుతా. ఆ వెంకయ్య నిజంగా ఉన్నాడా? ఉంటే, అసలు జరిగిందేంటో ఇక్కడ చెప్పు. కథగా వద్దు, అన్నాల దగ్గర చెప్పినట్టు చెప్పు.

మిర్చిటిక్కీ | ఆదివారం రాత్రి 11:48

ఉన్నాడు మాస్టారూ. పేరు వేరు. పల్నాడు వైపు మనిషి, అరవై దగ్గర ఉంటాయి.

రెండేళ్ల కింద ఏప్రిల్‌లో 32 టిక్కీలు తేజ తెచ్చాడు. (తెలియనివాళ్లకు: టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైన ఉంటుంది. తేజ ఒక మిర్చి రకం.) కొనేవాళ్లు వచ్చారు, గోతంలో చెయ్యి పెట్టారు, కాయ విరిచి చూశారు, తేమ ఉందన్నారు, పోయారు. రెండు రాత్రులు ఆ టిక్కీల మీదే పడుకున్నాడు. అక్కడ కొత్తవాళ్లయితే ఘాటుకు గంట కూర్చోలేరు. ఆయనకు దగ్గు కూడా రాలేదు. మూడో రోజు, మొదటి రోజు చెప్పిన రేటు కంటే తక్కువకు పోయాయి.

కాటా అయ్యాక తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, నేనే రాశాను. కమీషను, హమాలీ, కాటా కూలి, ముందు తీసుకున్న అడ్వాన్సు, దాని వడ్డీ అన్నీ తీసేస్తే చేతికి ఎంతో రాలేదు. ఆయన ఏం అనలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కానీ కదలట్లేదు. లెక్కలో తేడా ఉందంటాడేమోనని నేను కాలిక్యులేటర్ దగ్గరకు లాక్కున్నా.

"బాబూ, ఆ మచ్చు కాయలు మళ్ళీ ఏం చేస్తారు?" అన్నాడు. బల్ల మీద శాంపిల్‌కి తీసిన కాయలు కుప్ప ఉంది. "ఏం చెయ్యం, ఊడ్చేస్తారు" అన్నా.

"కాసిని ఇస్తావా. ఆవకాయకు కావాలి. మంచికాయంతా టిక్కీలకెక్కించేశాం. ఇంట్లో తాలుకాయే మిగిలింది, దాంతో పెడితే రంగు రాదంటంది మా ఇంటిది."

ఇచ్చాను. తువ్వాల్లో మూట కట్టుకుని పోయాడు. అంతే. చావు నేను కల్పించింది. కథ అన్నాక ఏదో ఒకటి జరగాలి కదా అని.

కుక్కర్‌కూత | సోమవారం ఉదయం 6:55

పాలు పొంగిపోయాయి నాకు, ఇది చదువుతూ.

ఇంటర్వెల్‌బ్యాంగ్ | సోమవారం ఉదయం 8:30

బ్రో, కలెక్టర్ క్యాన్సిల్.

బ్రాడీపేట 4/14 | సోమవారం సాయంత్రం 5:40

ఇందులో ఒక్క ఉపమానం లేదు గమనించారా. "దగ్గు కూడా రాలేదు" అన్నారు, అంతే. ఎన్నేళ్లుగా ఆ ఘాటులో బతికాడో నాకు తెలిసిపోయింది. "కష్టాల కొలిమిలో కాలిన" అని మీరు రాసినా ఇంత తెలిసేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరి కళ్లతో చూస్తున్నాం అన్నది. మీ పోటీ కథలో వెంకయ్య ఇంట్లో ఏం ఆలోచించాడో, భార్యతో రాత్రి ఏం మాట్లాడాడో రాసి ఉంటారు, అవునా? ఆ ఇల్లు మీరు చూడలేదు. మీరు చూసింది కాటా, బల్ల, కాలిక్యులేటర్. అంటే ఈ సంగతి గుమాస్తా కళ్లతో నడవాలి. పోటీ కథలో ఆ గుమాస్తా ఉన్నాడా?

మిర్చిటిక్కీ | సోమవారం రాత్రి 9:20

లేడు మేడమ్. షావుకారు ఉన్నాడు. దుర్మార్గుడిగా.

బందరుకాలవ | సోమవారం రాత్రి 9:45

అదీ సంగతి. తక్‌పట్టీ రాసినవాడు కథలోంచి లేచిపోయాడు. పాపమంతా షావుకారు మీద, పుణ్యమంతా వెంకయ్య మీద వేసి నువ్వు బయట నిలబడ్డావు.

గుమ్మెట | సోమవారం రాత్రి 10:02

వంత ప్రశ్న ఒకటి. "ఇచ్చాను" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఎన్ని ఇచ్చారు?

చిన్నగాంధీ_బొమ్మ (కొత్త సభ్యుడు) | మంగళవారం మధ్యాహ్నం 12:15

మధ్యలో వస్తున్నందుకు సారీ. ఇంత టెన్షన్ ఎందుకు, పాయింట్లు ఇస్తే చాట్‌జీపీటీ కథ రాసేస్తుంది కదా? నేను రెండు రాయించాను.

మోడరేటర్ | మంగళవారం మధ్యాహ్నం 1:00

ఆ చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఒక్క మాట మాత్రం: పత్రికలకు కథతో పాటు హామీపత్రం ఇస్తాం. ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఇంకెక్కడా ప్రచురితం కాలేదు అని సంతకం పెడతాం. ఆ సంతకం ఎవరు పెడుతున్నారో ఆలోచించుకోండి.

కుక్కర్‌కూత | బుధవారం మధ్యాహ్నం 3:10

మిర్చిటిక్కీ గారు రెండు రోజులుగా కనిపించట్లేదు. గట్టిగా అడిగామా?

మిర్చిటిక్కీ | గురువారం రాత్రి 12:25

లేదండీ. గుమ్మెట అన్న అడిగినదానికి జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చుని లేచాను.

ఒక దోసెడు ఇచ్చాను. రెండో దోసెడు తీస్తుంటే గల్లాపెట్టె దగ్గర నుంచి షావుకారు తలెత్తి చూశాడు. ఏం అనలేదు, వట్టిగా చూశాడు. నా చెయ్యి ఆగింది. తీసినవి మళ్ళీ కుప్పలో పోశాను. ఆయన తువ్వాలు పట్టుకునే ఉన్నాడు, ఇంకా వస్తాయనుకుని. తర్వాత మూట కట్టుకున్నాడు.

ఒక దోసెడుతో ఆవకాయ అవుతుందా? కాదని నాకు తెలుసు. సాయంత్రం ఆ కుప్ప ఊడ్చి అవతల పోశారు.

హమాలీలకు చెప్పినప్పుడు ఈ ముక్క చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

బ్రాడీపేట 4/14 | గురువారం ఉదయం 7:15

మీ కథ ఇది.

ఇంటర్వెల్‌బ్యాంగ్ | గురువారం ఉదయం 9:30

ఒప్పుకుంటాను గానీ ఒక డౌట్. ఇది ఎవరు అచ్చేస్తారు? సంఘటన చిన్నది, మలుపు లేదు. పోటీల్లో బరువైన సబ్జెక్టుకే ప్రైజులు వస్తున్నాయి.

బందరుకాలవ | గురువారం ఉదయం 11:05

పోటీకి తగ్గట్టు కథను వండేవాళ్లు ఉన్నారు, వాళ్లలో గెలిచేవాళ్లూ ఉన్నారు. కాదనను. కానీ దిద్దిన వేల పేజీల్లో నాకు ఇప్పటికీ గుర్తున్నవి ఇలాంటి చిన్నవే. పైగా చెయ్యి ఆగిన చోట పెద్ద మలుపే ఉంది, చప్పుడు లేదంతే.

మిర్చిటిక్కీ | గురువారం రాత్రి 9:50

ఇంకో భయం ఉంది. మా షావుకారు ఆదివారం అనుబంధాలు వదలకుండా చదువుతాడు. ఈ కథ వస్తే నా ఉద్యోగం ఉంటుందా? పైగా ఆయన నిజంగా చెడ్డవాడు కాదు. మా నాన్న ఆపరేషన్‌కి అడక్కుండానే డబ్బు ఇచ్చాడు.

బ్రాడీపేట 4/14 | గురువారం రాత్రి 10:20

అది కూడా కథలో ఉండాలి. ఆ డబ్బు వల్లే కదా ఆయన చూపుకు మీ చెయ్యి అంత త్వరగా ఆగింది?

గుర్తుపట్టకుండా చేయడం కష్టం కాదు. టిక్కీల లెక్క మార్చండి, రకం మార్చండి, ఊరు మార్చండి. ఆపరేషన్ బదులు చెల్లెలి ఫీజు అనండి. కావాలంటే కొట్టును పత్తి మిల్లు చేయొచ్చు, కానీ అప్పుడు ఆవకాయ పోతుంది, దాన్ని పోనివ్వకండి. రేటు తగ్గడం, దోసిలి, చూపు, ఈ మూడూ కదపొద్దు. ఇలా వాడుకోవడం తప్పా ఒప్పా అన్నది నాకూ పూర్తిగా తేలలేదు. నేను రాసిన రెండు కథల్లో మా అత్తగారు ఉన్నారు. ఆవిడ చదివి "ఎవర్తో మహాగయ్యాళి" అన్నారు.

గుమ్మెట | గురువారం రాత్రి 10:41

హాస్యం వంత దొరికాడు.

కుక్కర్‌కూత | శుక్రవారం మధ్యాహ్నం 2:45

భాష గురించి ఎవరూ మాట్లాడలేదు. "రంగు రాదంటంది మా ఇంటిది" అన్నది అలాగే ఉంచాలి. దాన్ని "రంగు రాదని నా భార్య చెబుతున్నది" చేశారో, నేను చదవను.

బందరుకాలవ | శుక్రవారం సాయంత్రం 6:30

ఉంచాలి. కానీ యాసతో ఒక చిక్కుంది. ఒకప్పుడు ఒక కథ ప్రూఫు దిద్దాను. కథనం, సంభాషణ, ఊహలు అన్నీ పల్లె యాసలోనే, ప్రతి మాటా సాగదీసి. చదివేవాడు మనిషిని వదిలి స్పెల్లింగు చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ చెప్పేవాడు గుంటూరులో చదువుకున్న గుమాస్తా. వాడి మాట మామూలుగా నడిచి, పెద్దాయన నోరు విప్పినప్పుడు పల్నాడు వినపడితే చాలు. ఆయన మాట్లాడేది కూడా నాలుగైదు వాక్యాలే ఉండనీ.

రాశాక బయటికి చదువు. గట్టిగా, గొంతెత్తి. మేము విజయవాడ రేడియోలో కథలు వింటూ పెరిగాం. ఆ స్టేషన్ 1948 నుంచి ఉంది. చెవికి ఎక్కని వాక్యం ఊపిరి దగ్గర దొరికిపోతుంది. నీ బాలభానుడి వాక్యం ఒక్క ఊపిరిలో చదివి చూడు, దగ్గొస్తుంది.

చదవడం కూడా ముఖ్యం. మీ గుంటూరులో బృందావన్ గార్డెన్స్ గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయం ఉంది. బెజవాడ వస్తే 1911 నాటి రామమోహన గ్రంథాలయం ఉంది, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలున్నాయి. జనవరిలో పుస్తకాల పండగ ఎటూ ఉంది. ఇవేవీ కుదరకపోతే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు. ఫోన్‌లోనే చదువుకోవచ్చు. ఒక నచ్చిన కథ తీసుకుని చేత్తో మొత్తం ఎత్తిరాయి. పరీక్షకు కాదు, ఎక్కడ పేరా మార్చాడో, ఎక్కడ మాట మింగేశాడో వేళ్లకు తెలియడానికి. నేను అలాగే నేర్చుకున్నాను, జీతం తీసుకుంటూ.

మిర్చిటిక్కీ | తర్వాతి మంగళవారం రాత్రి 11:30

మళ్ళీ రాశాను. పోయినసారి పద్నాలుగు పేజీలు, ఇప్పుడు ఐదు. మొత్తం ఇక్కడ పెట్టనా?

బందరుకాలవ | తర్వాతి మంగళవారం రాత్రి 11:34

పెట్టొద్దు! బ్లాగులో, ఫేస్‌బుక్‌లో, ఇలాంటి చోట పెట్టినా ప్రచురితం కిందే లెక్కేస్తారు చాలా పత్రికలవాళ్లు. హామీపత్రం అబద్ధం అవుతుంది. మొదలు మాత్రం పెట్టు.

మా రోజుల్లో కాగితానికి ఒకవైపే రాసి, తిరుగుటపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవాళ్లం. ఆ కవరు బరువుగా తిరిగి వచ్చిందంటే సంగతి అర్థమయ్యేది. ఇప్పుడు మెయిల్ గాబట్టి ఆ కవరూ రాదు. యూనికోడ్ అడిగారా, అనూ ఫాంటా, ఎన్ని పదాలన్నారు, అన్నీ చూసి పంపు. ఒకచోట జవాబు తేలకముందే ఇంకోచోటికి పంపకు.

మిర్చిటిక్కీ | తర్వాతి మంగళవారం రాత్రి 11:52

మొదలు ఇది. లెక్కలు మార్చాను.

«నలభై ఒక్క టిక్కీలకు తక్‌పట్టీ రాసి ఇచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు గానీ కాట దగ్గర నుంచి కదల్లేదు. ఏదో ఒకటి అడుగుతాడని కాలిక్యులేటర్ దగ్గరకు లాక్కున్నాను. వడ్డీ సంగతి అడిగితే ఏం చెప్పాలో మా షావుకారు నాకు ముందే చెప్పి ఉంచాడు. ఆవకాయ సంగతి అడిగితే ఏం చెప్పాలో చెప్పలేదు.»

గుమ్మెట | బుధవారం ఉదయం 6:20

ఆవకాయ ఏంటి? ఎవరికి?

(అడిగాను కాబట్టి ఈ పేరా ఉంచొచ్చు.)

కుక్కర్‌కూత | బుధవారం ఉదయం 7:40

చివర ఆ కాయలు ఊడ్చి పోయడంతో ఆపారా, ఆయన మూట కట్టుకోవడంతో ఆపారా?

మిర్చిటిక్కీ | బుధవారం మధ్యాహ్నం 1:15

మూట దగ్గరండీ. ఊడ్చేది కూడా రాసి తీసేశాను. కానీ తీసినందుకు ఇంకా పీకుతూనే ఉంది.

ఇంటర్వెల్‌బ్యాంగ్ | బుధవారం మధ్యాహ్నం 1:40

ఊడ్చేది ఉంచు బ్రో. విజువల్ అది.

బ్రాడీపేట 4/14 | బుధవారం సాయంత్రం 5:55

నేను తీసేయమంటాను. మూట చిన్నదని చెప్తే చాలు.

బందరుకాలవ | బుధవారం రాత్రి 9:00

అది వాడిష్టం, వదిలేయండి. తమ్ముడూ, రెండో వాక్యంలో "కాట" అని పడింది. "కాటా". దీర్ఘం పెట్టి పంపు.